ఇరకం రేవుకు పంటు ఇప్పించండి: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

రాష్ట్రంలో జల రవాణా బాధ్యతలు చూస్తున్న గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారములు.

మా అర్జీ పరిష్కారమైందని నా ఫోనుకు మళ్లీ సందేశం వచ్చింది. పులికాట్ సరస్సులోని మా ఇరకం దీవికీ, ఒడ్డున ఉన్న భీములవారిపాళెం రేవుకీ మధ్య మనుషులను, వాహనాలను కలిపి దాటించే ఒక పంటు కావాలని ఊరంతా సంతకాలు చేసి ఇచ్చిన అర్జీ అది. పంటు రాలేదు, రేవును చూడడానికి ఒక్క అధికారీ రాలేదు, మమ్మల్ని పిలిచి ఒక్క మాటా అడగలేదు. అయినా కాగితం మీద మా కష్టం తీరిపోయింది. ఎలా తీరిందని అడిగితే, సంబంధిత శాఖకు పంపించాము కనుక మా వరకు అది పూర్తయినట్టేనని ఒక కార్యాలయంలో సమాధానం చెప్పారు. ఆ సంబంధిత శాఖ ఏదో తెలుసుకోవడానికి కాళ్లరిగేలా తిరిగిన తరువాతనే, వేరే దారి లేక ఈ లేఖ బహిరంగంగా రాస్తున్నాను. మా జిల్లా కేంద్రం నెల్లూరుగా ఉన్నప్పుడు అక్కడికి మొరపెట్టుకోవడానికి వెళ్లేవాళ్లం, 2022లో తిరుపతి జిల్లా ఏర్పడిన తరువాత తిరుపతికి వెళ్తున్నాం. కేంద్రం మారింది గాని మా కాగితం నడిచే తీరు మారలేదు.

పులికాట్ సరస్సు ఎక్కడుందో, ఇరకం ఎలాంటి ఊరో మీకు నేను చెప్పనక్కరలేదు. పడవ సంగతి ఒక్కటే చెబుతాను, అది కూడా మాది పడవ నడిపే కుటుంబం కనుక చెబుతాను. మా నాన్నగారు గెడ వేసి పడవ తోసిన మనిషి. నేను చదువుకొని బడిపంతులునై రిటైరయ్యాను. నా తమ్ముడు ఇప్పటికీ ఇంజను పడవకు సరంగు.

తెల్లవారకముందే మొదటి పడవ కదులుతుంది. రాత్రి వలల్లో పడిన రొయ్యలు, పీతలు ఐసు పెట్టెల్లో ముందుగా ఎక్కుతాయి, ఎందుకంటే పొద్దెక్కితే వాటి ధర పడిపోతుంది. ఆ పెట్టెల మధ్య దొరికిన చోట శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ఉదయపు షిఫ్టుకు పోవలసిన యువతీయువకులు నిలబడతారు. వారి వెనుక కళాశాల పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివారు, బిడ్డలకు టీకాలు వేయించుకోవడానికి పోయే తల్లులు. తిరుగు పడవలో గ్యాసు సిలిండర్లు, సిమెంటు బస్తాలు, రేషను బియ్యం, పెళ్లి ఉంటే వంట పాత్రలు, చావు ఉంటే చుట్టాలు. ఊరికి సంబంధించిన ప్రతి వస్తువూ, ప్రతి మనిషీ ఏదో ఒక పడవలో ఈ నీళ్లు దాటవలసిందే. సరంగు చుక్కాని పట్టుకొని ఉంటే కళాసి ఒక చేత్తో అడుగున ఊరిన నీళ్లు డబ్బాతో తోడిపోస్తూ, రెండో చేత్తో టికెట్టు డబ్బులు తీసుకుంటాడు. ఇంజను వేడికి దగ్గరగా ఎవరూ కూర్చోలేరు, నీడ ఉండదు, వానకు తడవకుండా తలదాచుకునే చోటూ ఉండదు.

మంత్రివర్యా, ఇంతవరకైతే మా తాతల కాలం నుంచి అలవాటైన కష్టమేనని సరిపెట్టుకుంటాం. నేను మీ దృష్టికి తీసుకురాదలచినది బండ్ల సంగతి. ఇప్పుడు మా దీవిలో బండి లేకుండా బ్రతుకు సాగదు. అవతలి ఒడ్డున దిగినవాడు తడకో, సూళ్లూరుపేటకో, శ్రీసిటీకో పోవాలి. రేవు దగ్గర బండి వదిలి రావడానికి కాపలా లేదు, పైకప్పు లేదు, ఉప్పుగాలికి కొత్త బండి చూస్తుండగానే తుప్పు పడుతుంది. అందుకని మనిషి దాటితే బండి కూడా దాటాలి. చేపల వేటకు చేసిన పడవ మీద మోటారు సైకిలును ఎలా ఎక్కిస్తారో మీరు ఒక్కసారి కళ్లారా చూడాలని నా కోరిక.

ముందుగా పడవ అంచుకూ ఒడ్డుకూ మధ్య ఒక బల్ల వేస్తారు. పడవ ఊగుతూ ఉంటుంది గనుక బల్ల నిలవదు, దాని కొసను ఒకరు కాలితో తొక్కి పట్టుకోవాలి. నలుగురు నీళ్లలోకి దిగి, ఇద్దరు ముందు చక్రాన్నీ ఇద్దరు వెనుక చక్రాన్నీ ఎత్తి పట్టుకొని, అడుగులో అడుగు వేసుకుంటూ బల్ల మీదుగా లోపలికి నెడతారు. లోపలికి వచ్చిన బండిని నిలబెట్టడానికి చదునైన చోటు ఉండదు, వేట పడవ అడుగు వంపుగా ఉంటుంది కదా. దూడను గుంజకు కట్టినట్టు దాన్ని అడ్డకర్రకు తాళ్లతో కట్టి, అది ఒరగకుండా ఒక మనిషి దారి పొడవునా పట్టుకొని నిలబడాలి. ఒక బండి బరువు ఒక పక్కకు పడితే, పడవ సరిగా నిలవడానికి జనాన్ని రెండో పక్కకు సర్దాలి. రెండో బండి ఎక్కితే మళ్లీ అందరినీ లేపి సర్దాలి. ట్యాంకు నుంచి కారిన పెట్రోలు పిల్లల కాళ్ల కిందికి వస్తుంది, పక్కనే ఇంజను నడుస్తూ ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక అల కొంచెం ఎత్తుగా వస్తే, అందరి చూపులూ ఆ తాళ్ల మీదే ఉంటాయి. సరంగు ముఖం చూసి జనం ధైర్యం తెచ్చుకుంటారు. ఆ సరంగు ముఖంలో భయం ఎలా ఉంటుందో తమ్ముడిని చూసిన నాకు తెలుసు. బండి వద్దని అతడు అనలేడు, ఎందుకంటే ఆ బండి మీదే ఎవరో బిడ్డ ఉద్యోగం నడుస్తోంది.

వేసవిలో ఈ కష్టానికి ఇంకొకటి తోడవుతుంది. పులికాట్ ఎంత విశాలమైనదో అంత లోతు తక్కువైన సరస్సు, చాలా చోట్ల మనిషి నడుములోతు కూడా ఉండదు. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుక మేటతో పూడిపోతే ఆటుపోట్ల నీరు లోపలికి రాదు. ఎండలకు ఉన్న నీరు తరిగిపోతుంది. అప్పుడు పడవ ఒడ్డుదాకా రాలేక దూరంగా ఆగిపోతే, మోకాలి లోతు అడుసులో చెప్పులు చేతపట్టుకొని నడవాలి. గర్భిణిని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొని ఆ అడుసు దాటించడం మా ఊళ్లో ప్రతి కుటుంబానికీ తెలిసిన సంగతే. 108 వాహనం సమయానికి వస్తుంది, రాదని నేను అనను. కాని అది వచ్చి ఆగేది అవతలి ఒడ్డున. రోగి అక్కడికి చేరేదాకా పట్టే కాలం ఎవరి లెక్కలోకీ రాదు. అడుసులో బండి మోయడం ఎలా ఉంటుందో వర్ణించే శక్తి నాకు లేదు. మోసిన వారి నడుములు చెబుతాయి.

ఇక చట్టం సంగతి మనవి చేస్తాను. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో దేశీయ నౌకల చట్టం వచ్చింది. ఇంజనుతో నడిచే నౌకకు రిజిస్ట్రేషను, సర్వే, బీమా, అర్హత గల సిబ్బంది ఉండాలని అది చెబుతోంది. మంచి చట్టమే, మేము దానికి వ్యతిరేకులం కాము. కాని మా పడవలు చేపల వేట పడవలుగా రిజిస్టరైనవి. జనాన్ని ఎక్కించడానికి వాటికి అనుమతి లేదు, అనుమతి లేనందున ప్రయాణికులకు బీమా లేదు. ప్రయాణికుల పడవగా మార్చుకోవాలంటే అందుకు తగిన పడవ కావాలి, అంత డబ్బు మా సరంగుల దగ్గర లేదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున మత్స్యకారులు నీళ్లలోకి దిగరాదంటారు. అది న్యాయమే, కాని ఆ రోజున దీవిలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే దాటించడానికి వేరే పడవ ఏది? తనిఖీకి వచ్చినవారు మనుషులను ఎందుకు ఎక్కించావని సరంగును గద్దిస్తారు. ఎక్కించకపోతే ఊరు ఎలా దాటాలో మాత్రం చెప్పరు. నా తమ్ముడి లాంటివారు రోజూ రెండు తప్పుల మధ్య పడవ నడుపుతున్నారు.

ప్రమాదాల సంగతి రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాయక తప్పదు. 2011 డిసెంబరు 25న ఇదే పులికాట్ సరస్సులో, తమిళనాడు వైపు, పడవ మునిగి విహారానికి వచ్చిన 22 మంది చనిపోయారు. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి 50 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అలాంటి ఘోరం జరిగినప్పుడల్లా మా రేవుల్లో కూడా కొన్నాళ్లు హడావుడి ఉంటుంది. పడవలు ఆపుతారు, పేర్లు రాసుకుంటారు, లైఫ్ జాకెట్లు లేకుండా కదలవద్దంటారు. ఆ జాకెట్లు ఎవరు ఇవ్వాలో, చినిగిపోతే ఎవరు మార్చాలో చెప్పేవారు ఉండరు. వార్తలు తగ్గగానే మళ్లీ ఎవరి పాటికి వారు. ఇరకం పేరు ఆ తేదీల పక్కన చేరకముందే మీరు పట్టించుకోవాలని వేడుకుంటున్నాను. చేరిన తరువాత వచ్చే పరామర్శలూ పరిహారాలూ మాకు వద్దు.

పడవలు సురక్షితంగా నడపడం ప్రభుత్వానికి చేతకాని పని కాదు. 2025 జనవరిలో మూడు రోజులు ఫ్లెమింగో పండుగ జరిగినప్పుడు భీములవారిపాళెంలో పడవ షికారు ఏర్పాటు చేశారు. అతిథులు వచ్చారు, పక్షులను చూశారు, సంతోషం. మా సరస్సును నలుగురూ మెచ్చుకుంటే మాకు గర్వమే. అయితే మూడు రోజుల అతిథుల కోసం చేయగలిగిన ఏర్పాటులో సగమైనా మిగిలిన రోజుల్లో అదే నీళ్ల మీద బ్రతికే మా కోసం ఎందుకు చేయలేరని మా ఊరి ఆడపడుచులు అడుగుతుంటే, చదువుకున్నవాడినై ఉండి నేను జవాబు చెప్పలేకపోతున్నాను.

మేము ఎక్కడా లేని వస్తువును అడగడం లేదు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి మీద పంటు నడుస్తుందని, అందులో మనుషులతో పాటు బండ్లు ఎక్కుతాయని రాష్ట్రమంతటికీ తెలుసు. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్యనూ పంటు ప్రయాణం తెలిసినదే. గోదావరికి ఉన్న లోతు మాకు లేదు, నిజమే. అందుకే అడుగు చదునుగా ఉండి తక్కువ నీటిలో తేలే పంటు మాకు కావాలి. ముందు భాగంలో దించుకునే వాలు బల్ల ఉంటే బండిని ఎత్తి మోయనక్కరలేదు, తోసుకుంటూ ఎక్కించవచ్చు. దానితో పాటు, ఏడాది పొడవునా పంటు నడిచేందుకు ఒకే ఒక దారిలో పూడిక తీసి, రెండు వైపులా గుర్తు కర్రలు పాతాలి. 2008లో జాతీయ జలమార్గం-4 ప్రకటించినప్పుడు కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు ఉన్న కాలువలు, గోదావరి, కృష్ణా నదుల భాగాలు కలిపి 1,078 కిలోమీటర్ల మార్గంలో మన బకింగ్‌హాం కాలువను కూడా చేర్చారు. ఆ కాలువ మా సరస్సును ఆనుకొనే పోతుంది. అంత పెద్ద జలమార్గం ఊహించగలిగిన ప్రభుత్వాలకు ఒక దీవికి చిన్న దారి తవ్వించడం భారమని నేను నమ్మలేను.

వంతెన వేయిస్తామని ఎన్నికల వేళ వచ్చిన పెద్దలు మాకు చెబుతూనే ఉన్నారు. ఆ మాటతోనే పంటు మాట వెనక్కి పోయింది. వంతెన వచ్చేలోగా పంటు ఎందుకని కొందరు అధికారులు అన్నారు. అయ్యా, ఇది పక్షుల అభయారణ్యం, ఇక్కడ నిర్మాణానికి వన్యప్రాణి చట్టం అనుమతులు కావాలి, అవి అంత తొందరగా వచ్చేవి కావు. పైగా సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డు కట్ట సరస్సులో నీటి నడకకు అడ్డుపడిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మరో కట్ట వేసి చేపల రాకను అడ్డుకుంటే మా వలలే ఖాళీ అవుతాయి. వంతెన ఎప్పుడు, ఎలా కడతారో మీ ఇష్టం. దాని పేరు చెప్పి పంటును మాత్రం ఆపకండి. ఈ ఒక్క మాట కోసమైనా ఈ లేఖ చదవండి.

మా విన్నపం మళ్లీ చెబుతాను. పంటు ఇప్పించండి. దారి తవ్వించండి. రెండు ఒడ్లలోనూ ఎండకూ వానకూ నిలబడే షెడ్డు వేయించండి. రాత్రివేళ అత్యవసరానికి ఒక పడవనూ, జీతం తీసుకునే ఒక సరంగునూ ఏర్పాటు చేయించండి. మా సరంగులకు నీళ్లు తెలుసు, మేటలు తెలుసు, గాలి తెలుసు. వారిని పక్కన పెట్టి రేవును వేలంలో బయటివారికి కట్టబెట్టకుండా, వారికే శిక్షణ ఇచ్చి లైసెన్సులు ఇప్పించండి. అన్నీ ఒకేసారి కాకపోతే పంటు ముందు ఇప్పించండి. అదీ ఆలస్యమైతే, ఈ రేవుకు బాధ్యత వహించే శాఖ ఏదో, ఆ శాఖలో మేము ఎవరిని కలవాలో రాతపూర్వకంగా చెప్పించండి.

మీరు స్వయంగా రావాలని కోరుతున్నాను. నీళ్లు నిండుగా ఉండే జనవరిలో కాకుండా మే నెలలో, కారు భీములవారిపాళెం రేవులో ఆపి, మాతో పాటు మామూలు పడవలో ఎక్కి రండి. ఏ రోజు వస్తారో ముందుగా తెలియజేస్తే మా సరంగులు గెడలు పట్టుకొని రేవులో ఉంటారు. ఏ చోట ఎంత లోతు ఉందో, దారి ఎక్కడి నుంచి ఎక్కడికి తవ్వాలో, పంటు ఏ ఒడ్డున ఆగాలో వారే కొలిచి మీ ఇంజనీర్లకు చూపిస్తారు.

ఇట్లు,
భవదీయుడు,
రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
ఇరకం దీవి, తడ మండలం,
తిరుపతి జిల్లా.