చిన్నోడి మాటల లెక్క

బుజ్జమ్మా,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచక, 'అన్నం తిన్నావా' అని అడిగి పెట్టేశాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే కాగితం తీశాను.

ముందు నా తప్పు. సంక్రాంతికి మీరొచ్చినప్పుడు పాల లెక్క పుస్తకం చివరి పేజీలో చిన్నోడి మాటలు రాసుకున్నాను. అమ్మ, తాత, బువ్వ, కాకి, టాటా, ఇంకా 'ఉఫ్'. వేడన్నం కనిపిస్తే బుగ్గలు ఉబ్బించి ఊదేవాడు. చల్లారిపోయిన మీ నాన్న కాఫీని కూడా వదల్లేదు. అప్పటికి వాడికి 16 నెలలు. ఉగాదికి చూస్తే టాటా లేదు. వేసవిలో వచ్చేసరికి కాకి అరిచినా తలెత్తలేదు, పేరు పెట్టి పిలిస్తే మనల్ని కాదన్నట్టు ఉండిపోయాడు. నువ్వు అడిగితే నేనేమన్నాను? 'మగపిల్లలకి మాట ఆలస్యమే, మీ మావయ్య మూడేళ్లకి గానీ నోరు విప్పలేదు' అన్నాను. 31 ఏళ్లు ఏ.ఎన్.ఎం.గా ఇల్లిల్లూ తిరిగినదాన్ని. మాట ఆలస్యంగా రావడం వేరు, వచ్చిన మాట పోవడం వేరు. ఇంకొకరి పిల్లాడైతే ఆ రోజే ఆసుపత్రికి పంపేదాన్ని. మనవడనేసరికి కళ్లు మూసుకున్నాను. అలా మూడు నెలలు పోయాయి.

డాక్టరమ్మ 'ఆటిజం కావచ్చు' అంది కదా. ఆ 'కావచ్చు' పట్టుకుని మళ్లీ ఆగొద్దు. పేరు ఖాయమయ్యేదాకా థెరపీకి ఎదురుచూడక్కర్లేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఇలాగే ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య వచ్చిన మాటలూ, మన కళ్లలోకి చూడటమూ వెనక్కి పోతాయి. అయినా చెవి పరీక్ష, ఆ బేరా టెస్టు, తప్పకుండా చేయించు. చప్పుడుకి ఉలిక్కిపడుతున్నాడు కాబట్టి వినిపిస్తోందిలే అనుకోవద్దు. ఉన్నట్టుండి చూపు నిలిచిపోవడం, నిద్రలో కుదుపులు లాంటివి కనిపిస్తే వీడియో తీసి చూపించు, ఈఈజీ, అదే మెదడు పరీక్ష, అవసరమేమో డాక్టర్లు చెబుతారు. నడక తడబడినా, చేత్తో పట్టుకోవడం మర్చిపోతున్నా అపాయింట్‌మెంట్ తేదీ కోసం చూడకు, వెంటనే తీసుకెళ్లు.

ఫిబ్రవరిలో వేయించిన టీకా వల్లే అని మీ అత్తగారు అంటున్నారట. ఆవిణ్ణి ఏమీ అనకు, భయంతో అన్న మాట అది. తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎం.ఆర్. టీకా రెండో డోసు వేసేది 16 నుంచి 24 నెలల మధ్య. మాటలు పోవడం బయటపడేదీ ఆ వయసులోనే. అందుకే ముడి పడిపోతుంది. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇలాంటి అనుమానమే అచ్చయి, లోకమంతా పాకింది. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో 6 లక్షల 57 వేల మంది పిల్లల వివరాలు చూసి, సంబంధం లేదని 2019లో తేల్చారు. అల్లుడుగారికి వాట్సాప్‌లో వచ్చిన స్టెమ్ సెల్, అదే మూలకణాల చికిత్స సంగతీ వదిలేయండి. ఆటిజానికి దాన్ని సిఫార్సు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఆ డబ్బు స్పీచ్ థెరపీకి పనికొస్తుంది. ఖర్చు బరువైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఒకసారి వెళ్లి కనుక్కో.

నువ్వు ఉద్యోగానికి వెళ్లడం వల్ల కాదు. ఆ మాట ఇంకోసారి నీ నోట రానివ్వకు. పూర్వం డాక్టర్లు కూడా తల్లులనే అన్నారు, తర్వాత తప్పని తేలింది.

ఆ మొదటి సెంటర్‌లో ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారని చెప్పావు. నాకు ఒళ్లు మండింది. రెండు భాషలు వింటే ఆటిజం ముదరదు. నీకు నోరారా వచ్చే మాట తెలుగు, వాడితో అదే మాట్లాడు. కాకపోతే తక్కువ మాట్లాడు. 'కాకి అను, అను' అని వెంటపడటం నేనూ చేశాను, వాడు మొహం తిప్పేసుకున్నాడు.

మొన్న మే నెలలో ఏం చేశానో చెప్పనా? చీర ఉయ్యాలలో వేసి ఊపాను. నాలుగు ఊపులయ్యాక ఆపేసి, వాడి మొహానికి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఏమీ అనలేదు. పదిదాకా లెక్కపెట్టాను. వాడు చీర అంచు వేలితో గీకుతున్నాడు. ఇక ఊపేద్దామనుకుంటుండగా కుడికాలు ఒక్కసారి ఆడించి, నా వైపు చూశాడు. రెప్పపాటు అంతే. 'ఊపు' అని ఊపాను. మళ్లీ ఆపాను. ఈసారి కాలు తొందరగానే కదిలింది. మాట కాదు, కానీ అడిగాడు. పోయిన మాటలన్నీ తిరిగొస్తాయని నీకు మాటివ్వలేను. కొందరికి చాలావరకు వస్తాయి, కొందరు చేతులతోనో బొమ్మలు చూపించో చెప్పడం నేర్చుకుంటారు.

పాల పుస్తకంలో ఆ కాలు కూడా రాశాను, తేదీతో. ఏ మాట ఎప్పుడు పోయిందో డాక్టర్లు అడుగుతారు కాబట్టి పుస్తకం వెంట తెస్తున్నాను. బుధవారం రాత్రి బండికి బయల్దేరతాను. పాత నూలు చీర కూడా పెట్టుకున్నాను. మీ హాల్లో పైన కొక్కెం ఉందో లేదో, వాడి బరువు ఆపుతుందో లేదో అల్లుడుగారిని చూసి ఉంచమను.

అమ్మ