లంక ఊళ్ల బీపీ, పక్షవాతం శిబిరాలకు తోడు నిలిచినవారికి మా కృతజ్ఞతలు

అందరికీ నమస్కారమండీ.

అక్టోబర్ 29 ప్రపంచ పక్షవాత దినానికి ముందు వారాల్లో గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డు ఊళ్లలోనూ, ఏటి నడుమ లంకల్లోనూ బీపీ పరీక్షలు చేశాం. గుండెపోటును, పక్షవాతాన్ని ఎలా పోల్చుకోవాలో చెప్పాం. ఆ పని సవ్యంగా సాగిందంటే సగం పుణ్యం ఊరివాళ్లదే. ఎవరి సాయం వల్ల ఏం మెరుగైందో విడమరచి చెప్పడమే సరైన కృతజ్ఞత అనుకుంటున్నాం.

ఈ జబ్బులు పట్నంవాళ్లవని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను పరిశీలిస్తే, వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. అది మన కాలవగట్ల మీది ఊళ్ల లెక్క.

ముందుగా బడి ఉపాధ్యాయులకు. వీపు ఆనే కుర్చీలు, చెయ్యి ఆన్చుకునే బల్లలు, చప్పుడు లేని గది ఇచ్చారు. మరుగుదొడ్లు తెరిచిపెట్టారు. ఇవన్నీ చిన్న విషయాలు కావు. మూత్రం ఆపుకుని కూర్చుంటే, వీపు ఆనకుండా కూర్చుంటే, కాలు మీద కాలు వేసుకుంటే, చెయ్యి కిందికి వేలాడితే, పరీక్ష జరుగుతుండగా మాట్లాడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, మోచేతి మడతకు రెండు వేళ్ల పైన పట్టీ చుట్టి, చెయ్యి గుండె ఎత్తున ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడగలిగామంటే ఆ గది వల్లే. పక్కనే టీ కొట్టు నడిపే ఆయన బేరం పోతుందని తెలిసీ, పరీక్ష అయ్యాకే టీ పోశారు. పరీక్షకు ముందు అరగంట టీ, కాఫీ, చుట్ట, బీడీ ఏవీ ఉండకూడదు మరి.

పెద్ద పట్టీలు అరువిచ్చిన మందుల షాపులవారికి ప్రత్యేకంగా దండం పెడుతున్నాం. జబ్బ చుట్టుకొలత 32 సెంటీమీటర్లు దాటినవాళ్లకు మామూలు పట్టీ చుడితే తప్పుడు లెక్క వస్తుంది, ఉత్త పుణ్యానికి మందు మొదలవుతుంది.

ఉప్పు సంగతి మాకన్నా డ్వాక్రా అక్కచెల్లెళ్లే బాగా చెప్పారు. మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదని మేమంటే, వాళ్లు దాన్ని ఇంటి లెక్కలోకి మార్చేశారు: నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు కనీసం 50 రోజులు రావాలి. నెలకే అయిపోతోందంటే మనిషికి 8 గ్రాములు దాటినట్టే. ఆవకాయ, ఉప్పు చేప, అప్పడం, ఊరమిరపకాయల్లో పోయేది దీనికి అదనం. పచ్చడి మానమని ఎవరూ అనలేదు. పచ్చడి వేసుకున్న పూట కూరలో ఉప్పు తగ్గించమన్నారు, పెరుగన్నంలో ఉప్పు మానమన్నారు. ఈ మాట ఇళ్లలో నిలుస్తుందని మా నమ్మకం.

బుర్రకథ దళానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కథకుడు పాడుతుంటే వంతలిద్దరూ చేసి చూపించారు: నవ్వమంటే మూతి ఒక పక్కకు లాగడం, రెండు చేతులూ ముందుకు చాచమంటే ఒకటి జారిపోవడం, "మా రేవులో పడవ ఆగింది" అనమంటే మాట ముద్దగా రావడం. ఉన్నట్టుండి తూలిపోవడం, చూపు పోవడం కూడా కలిపారు. ఒక్క గుర్తు కనబడినా 108కి ఫోను చెయ్యాలి. పది నిమిషాల్లో సర్దుకున్నా సరే, వెళ్లాల్సిందే. అలా వచ్చి పోయిన పక్షవాతం తరవాత మొదటి రెండు రోజుల్లోనే అసలుది వచ్చే ముప్పు ఎక్కువ.

ఊళ్లలోని ఆర్‌ఎంపీలు ఇచ్చిన మాట మాకు అన్నిటికన్నా విలువైంది. పక్షవాతం లక్షణాలతో వచ్చినవాళ్లకు నాలుక కింద బీపీ మాత్ర పెట్టబోమని, సెలైను ఎక్కించి కూర్చోబెట్టబోమని ఒప్పుకున్నారు. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకు అందే కాస్త రక్తమూ అందదు. ఆస్పిరిన్ కూడా వద్దు. రక్తం గడ్డ అడ్డుపడిందా, రక్తనాళం చిట్లిందా అన్నది సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. చిట్లినదైతే ఆస్పిరిన్ హాని చేస్తుంది. మంచినీళ్లు పట్టినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, షుగరు ఒకసారి చూడండి. షుగరు బాగా పడిపోయినా ఇవే లక్షణాలు వస్తాయి. పావురం రక్తం రాయడం, ముక్కులో పసరు పిండడం వల్ల పోయేది విలువైన సమయం.

పంటు, పడవ నడిపేవాళ్లు రాత్రిపూట పిలిచినా వస్తామని ఫోను నంబర్లు రేవు దగ్గర రాసిపెట్టారు. ఆటో అన్నలూ అంతే. గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపే పడాలి. అంతర్వేది వైపు నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి రెండు గంటల పైమాటే. స్కానుకు, పరీక్షలకు గంట తీసేస్తే ఇంటి దగ్గర మిగిలేది గంటన్నర లోపే. అందుకే 24 గంటలూ సీటీ స్కాన్ ఉండే ఆసుపత్రి దగ్గర్లో ఏదో ముందే కనుక్కుని ఉంచుకోండి. లక్షణం ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసి పంపండి. నిద్రలేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే, రాత్రి చివరిగా ఎప్పుడు బాగున్నారో ఆ వేళ రాయాలి.

గుండెపోటుకు దారి వేరు. ఛాతీ బరువు, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోకండి. షుగరున్నవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, నీరసమే రావచ్చు. ఈసీజీ తీసే దగ్గరి ఆసుపత్రికి వెళ్లాలి. ఏరియా ఆసుపత్రుల్లో గుండె రక్తనాళంలోని గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షను ఉచితంగా ఇస్తున్నారు.

గుడి, చర్చి, మసీదు మైకుల్లో మా కబురు చెప్పించిన పెద్దలకు కృతజ్ఞతలు.

ఆశా కార్యకర్తల పని ఇంకా అయిపోలేదు. ఒక్క రోజు చూసి బీపీ జబ్బు అని తేల్చకూడదు, వేరే రోజు చూసినప్పుడు కూడా 140/90 గానీ అంతకు మించి గానీ ఉండాలి. ఆ రెండో పరీక్షకు రావాల్సినవాళ్ల పేర్లు వాళ్ల దగ్గర ఉన్నాయి. గడప గడపకూ తిరుగుతున్నారు, దయచేసి కూర్చోబెట్టి మాట్లాడండి. మాత్రలు వాడుతున్నవాళ్లు అట్టలన్నీ తీసి చూపించండి, కోతల రోజుల్లో మింగే ఒళ్లునొప్పుల మాత్రలతో సహా. వాటిలో చాలావాటికి బీపీ పెరుగుతుంది. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వల్ల కాళ్లు వాస్తే మీకు మీరే మానెయ్యకండి, ఆశా కార్యకర్తలకు చెబితే డాక్టరు గారు మందు మారుస్తారు.