గుట్టు మనకు తెలుసు కాబట్టే

పర్లాకిమిడి

ప్రియమైన సూర్యం,

నీ ఉత్తరం చేరింది. బల్లార్షా ఎండల గురించీ, బొగ్గు దుమ్ము గురించీ, అక్కడి తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళ సందడి గురించీ అంత తీరిగ్గా రాసి, ఆఖర్న ఒక ప్రశ్న పడేసి సంతకం పెట్టేశావు. "చివరికి ఏమవుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు, అదే సినిమాను మళ్ళీ మళ్ళీ ఎందుకు చూస్తారురా?" అన్నావు. ఇలాంటి ప్రశ్న చెవిన పడితే నాకు అన్నం సయించదని నీకు తెలుసు. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి వీధిలో నడుస్తున్నా, బ్యాంకు వరుసలో నిలబడినా అదే ఆలోచన. ఇప్పుడు నాకొక సమాధానం దొరికింది. తాపీగా చదువు.

మా ఇంట్లో 'మాయాబజార్' పెడితే అందరూ హాలులోకి చేరతారు. అమ్మ మంచం మీద నుంచే చూస్తుంది. కళ్ళు ఈ మధ్య సరిగా ఆనడం లేదు, అయినా మాటలు విని బొమ్మ చెప్పేస్తుంది. మా మనవరాలు ఒడియా మీడియంలో చదువుతోంది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, మనం పెరిగినట్టే. మొన్న ఆదివారం ఆ పిల్ల ఏం చేసిందో చెబుతాను. 'అహ నా పెళ్ళియంట' పాట మొదలవగానే టీవీకి మూరెడు దూరంలోకి జరిగి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సావిత్రి శరీరంలో ఘటోత్కచుడు ఉన్నాడు కదా. ఎవరూ లేనప్పుడు ఆ అమ్మాయి ఛాతీ విరుస్తుంది, లేని మీసం దువ్వుతుంది, అడుగులు బరువెక్కుతాయి. సుశీల గొంతు పాడుతూ పాడుతూ ఉండగా మధ్యలో ఘంటసాల గొంతు ఊడిపడుతుంది. మరుక్షణం ఆ భుజాలు దిగిపోతాయి, తల వాలుతుంది, మళ్ళీ ఆడపిల్ల. తెరమీద ఎస్వీ రంగారావు లేడు, కానీ నేను ప్రతిసారీ ఆయననే చూస్తాను. మనవరాలైతే ఊపిరి బిగబట్టి, "తాతయ్యా, వాళ్ళకు తెలిసిపోతుందేమో!" అంటుంది. ఆ సినిమా ఆ పిల్ల ఇంతకుముందే చూసింది. వాళ్ళకు తెలిసిపోదని తనకు తెలుసు. అయినా ఆ భయం నిజమైన భయమే.

అక్కడ తట్టింది నాకు. ఆ సినిమాలో మనకు తెలియని రహస్యం ఒక్కటీ లేదు. పెళ్ళికూతురి వేషంలో ఉన్నది ఘటోత్కచుడని మొదటిసారి చూసినప్పుడే మనకు చెప్పేశారు. తెలియనిది దుర్యోధనుడికి, శకునికి, పాపం ఆ లక్ష్మణకుమారుడికి. మనం మొదటి ఆటలోనే కృష్ణుడి పక్షాన చేరి గుట్టు దాస్తున్నాం. రెండోసారి చూసినప్పుడు మనం పోగొట్టుకున్నది ఏమీ లేదు. నేరం చేసిందెవరో చివరిదాకా దాచిపెట్టే సినిమా ఉందనుకో, ఆ పేరు తెలిశాక దానిలో మిగిలేది తక్కువ. ఇక్కడ దాచినది మన దగ్గర కాదు కాబట్టి ఎన్నిసార్లు చూసినా మన ఉద్యోగం మనకు ఉంటుంది.

సరే, ఒక్క సినిమాతో సిద్ధాంతం నిలబడదని నువ్వు అంటావు. మనవాళ్ళు వదలకుండా చూసేవన్నీ వరసగా తలుచుకో. 1955 నాటి 'మిస్సమ్మ'లో పెళ్ళికాని ఇద్దరు ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని జమీందారు ఇంట చేరతారు. వాళ్ళు భార్యాభర్తలు కారని మనకు తెలుసు, ఆ పెద్దాయనకు తెలియదు. 'గుండమ్మ కథ'లో జమీందారు కొడుకు పనివాడిగా వచ్చి నిక్కరు వేసుకుని పిండి రుబ్బుతాడు. సూర్యకాంతం అతణ్ణి గదమాయించిన ప్రతిసారీ మనకు నవ్వు వచ్చేది అతను ఎవరో మనకు తెలుసు కాబట్టే. జంధ్యాల 'అహ నా పెళ్ళంట'లో (మాయాబజార్ పాట పల్లవే దాని పేరు, చూశావా, మళ్ళీ అక్కడికే చేరాం) కాగితం చుట్టుకుని తిరిగే పిసినారి కోట శ్రీనివాసరావు ఇంట్లోకి రాజేంద్రప్రసాద్ తాను ఇంకా పెద్ద పిసినారినని వేషం కట్టి దూరతాడు. వేలాడే కోడిని చూస్తూ అన్నం తినే ఆ ముచ్చట 1987లో ఎంత నవ్వించిందో ఇప్పుడూ అంతే. 1990 మేలో, తుపాను వానలో విడుదలైన 'జగదేకవీరుడు అతిలోకసుందరి' కూడా అంతే. కథానాయిక దేవకన్య అని మనకు తెలుసు, కథానాయకుడు రాజుకు తెలియదు. మా అల్లుడి తరం వాళ్ళు టీవీలో ఎప్పుడు వచ్చినా కదలకుండా చూసే 'అతడు' సంగతి ఏమిటి? 2005లో వచ్చింది. చనిపోయిన మనవడి పేరుతో ఒక హంతకుడు ఆ ఇంట్లో అడుగుపెడతాడు. నాజర్ వేసిన తాత అతణ్ణి చూసి మురిసిపోతున్నంతసేపూ మన గుండె గుబగుబలాడుతుంది. ఇక్కడ గమనించు, ఆ సినిమాలో తుపాకులు, పరుగులు బోలెడు ఉన్నాయి. కానీ మా అల్లుడు మళ్ళీ మళ్ళీ చూసేది ఆ పల్లెటూరి ఇంట్లో భోజనాల ఘట్టాలే. తుపాకుల దగ్గర ఫోను చూసుకుంటాడు.

ఇన్ని సినిమాల్లో ఒకే కిటుకు ఉండటం కాకతాళీయం అంటే నేను ఒప్పుకోను. ఎవరో ఒకరు మరొకరిగా ఒక ఇంట్లో చేరడం, గుట్టు మనకు ముందే చెప్పడం, ఆ తరువాత ఆ ఇంటివాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చోనివ్వడం.

ఆ కిటుకు లేని 'దేవదాసు' కూడా గొప్ప సినిమాయే, కాదనను. మా అమ్మ చిన్నప్పుడు ఒకసారి చూసింది. మళ్ళీ పెడతానంటే చెయ్యి అడ్డం పెడుతుంది, "ఆ పిల్లాడి బాధ ఒకసారి పడ్డాను, చాలు" అంటుంది. దానిలో మనం చేయగలిగింది ఏమీ లేదు, చూస్తూ ఏడవడం తప్ప.

మనకు ఇది కొత్త అలవాటు కూడా కాదు. మన ఊళ్ళో రాత్రంతా పద్యనాటకాలు ఆడేవారు గుర్తుందా? చాపలు పట్టుకుని ముందు వరుస కోసం పరుగెత్తేవాళ్ళం. కృష్ణరాయబారం కథ తెలియనివాడు ఆ జనంలో ఒక్కడూ ఉండడు. రాయబారం ఫలించదని అందరికీ తెలుసు. అయినా పద్యం ముగిసి రాగం తీయగానే మూలల నుంచి "వన్స్ మోర్" అని కేకలు వచ్చేవి, అర్ధరాత్రి దాటినా. నటుడు హార్మోనియం వైపు ఒకసారి చూసి మళ్ళీ ఎత్తుకునేవాడు. మీ నాన్నగారు కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేసేవారు. కథ కోసం వచ్చినవాడు వన్స్ మోర్ అంటాడా? మన జాతికి సినిమా రాకముందే మళ్ళీ చూడటం తెలుసు. కె.వి. రెడ్డిగారు అలాంటి ప్రేక్షకుల్ని ఎరిగి 'మాయాబజార్' తీశారు. అందుకే పాండవుల కథలో పాండవులు ఒక్కరూ తెరమీదకు రాకుండా మూడు గంటలు నడిపించగలిగారు. వాళ్ళెవరో మనకు చెప్పనక్కరలేదు కదా.

మనం పాతపట్నం వెళ్ళి చూసిన రాత్రులు చెప్పకుండా ఎలా ఉండను? 1936లో సరిహద్దు గీత గీసి మన ఊరిని ఒడిశాలో కలిపారు గానీ, సినిమా మాత్రం మహేంద్రతనయ నదికి అవతలే ఉండిపోయింది మనకు. పాత సినిమాలు మళ్ళీ వేసేవారు, తక్కువ టికెట్టుకు. రెండో ఆట వదిలాక నడిచి వస్తూ నువ్వు సి.ఎస్.ఆర్. శకుని, నేను రంగారావు. గుణుపురం వెళ్ళే బుల్లి రైలులోనూ అదే గోల. ఆ రైలు మన గొంతుల కంటే నెమ్మదిగా పోయేది కాబట్టి కాశీనగరం వచ్చేసరికి పెళ్ళి ఘట్టం కూడా అయిపోయేది. పెట్టెలో ఉన్న పెద్దవాళ్ళు మనం మరిచిపోయిన మాట అందించేవారు. ఒకసారి ఒక శవర పెద్దాయన, తెలుగు సగం సగం వచ్చినవాడు, సరిగ్గా సమయానికి ఘటోత్కచుడి నవ్వు నవ్వాడు. పెట్టె పెట్టెంతా నవ్వింది.

'మాయాబజార్'ను మన పక్కవాళ్ళే తయారుచేశారని అప్పుడు మనకు తెలియదు. మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు పుట్టింది రాజాంలో. 'లాహిరి లాహిరి' బాణీ కట్టిన రాజేశ్వరరావుది సాలూరు ప్రాంతం. సాలూరు దాటి ఘాట్ ఎక్కితే ఒడిశాయే కదా. మిగిలిన సంగీతం నడిపిన ఘంటసాల చదువుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో, సుశీల పుట్టిందీ ఆ ఊళ్ళోనే. మద్రాసులో తీసిన సినిమా అయినా మన గాలి తగిలింది దానికి. ఈ సంగతి మా మనవరాలికి చెబితే పటం తెచ్చి వేలు పెట్టి చూపించమంది. రాజాం నుంచి మన ఊరికి వేలు జరిపి, "ఇంత దగ్గరా!" అంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ 'లాహిరి లాహిరి' పడవ పాట సంగతి వేరే చెప్పాలి. రంగులు వేసిన ప్రతి 2010లో వచ్చింది, చూశాను, కష్టపడి చేశారు. కానీ ఆ పాట మాత్రం నలుపు తెలుపులోనే చూడు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ దీపాలతో పుట్టించిన వెన్నెల అది. నీటి మీద ఆ మెరుపుకు రంగు అక్కరలేదు. ఇంకొకటి గమనించు. ముందు శశిరేఖా అభిమన్యులు, తరువాత కృష్ణుడూ రుక్మిణీ, ఆఖరికి బలరాముడూ రేవతీ. చిన్నప్పుడు మొదటి జంట కోసం చూసేవాళ్ళం. ఇప్పుడు నాకు బలరాముడి జంట వచ్చేదాకా ఆగాలనిపిస్తుంది. కోపాలూ తాపాలూ పక్కనపెట్టి గుమ్మడి, ఛాయాదేవి అలా మెత్తబడటం చూస్తే మా ఆవిడ వైపు ఒకసారి తిరిగి చూస్తాను. సినిమా మారలేదు, నేను పడవలో చోటు మారాను.

ఇక నువ్వు తప్పకుండా 'శంకరాభరణం' ఎత్తుతావని తెలుసు. మీ నాన్నగారి సినిమా అది. 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు హాళ్ళు ఖాళీ, తరువాత నోటిమాట మీద నిండిపోయాయి. శాస్త్రిగా వేసిన సోమయాజులుగారు మన పక్క శ్రీకాకుళం జిల్లా మనిషి, డిప్యూటీ కలెక్టరుగా పనిచేశారని మీ నాన్నగారు ఎంత గర్వంగా చెప్పేవారు! అది సంగీతం కోసం చూసే సినిమా, నా సిద్ధాంతానికి లొంగదు అంటావు. నేనూ అలాగే అనుకున్నాను. నిన్న రాత్రి మళ్ళీ చూశాను. శాస్త్రిగారిని గురువుగా ఆరాధించే తులసి తన కొడుకును తన కొడుకని చెప్పకుండానే శాస్త్రిగారి ఇంట్లో శిష్యుడిగా చేరుస్తుంది. ఆ పిల్లాడు ఎవరో మనకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆ పిల్లాడికి ఆయన పాఠం చెబుతున్నంతసేపూ మనం తులసి పక్కన, స్తంభం చాటున నిలబడ్డట్టే ఉంటుంది. చివర కచేరీలో ఆయన గొంతు ఆగిపోయి ఆ పిల్లాడి గొంతు అందుకున్నప్పుడు, ఆయన గండపెండేరం ఆ చిన్న కాలికి తొడిగినప్పుడు, అంతకాలం గుట్టు మోసిన బరువు మనకూ దిగుతుంది. మీ నాన్నగారు ప్రతిసారీ ఆ ఘట్టంలో కండువా ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. సంగీతం ఒక్కటే అయితే రికార్డు వింటే సరిపోయేది. ఆయన దగ్గర ఆ రికార్డు ఉంది కూడా. అయినా సినిమాకే వెళ్ళేవారు.

మన సరిహద్దు ఊళ్ళవాళ్ళకు ఈ సినిమాలు మరీ ఎందుకు అంటుకున్నాయో నాకు ఒక ఊహ ఉంది. బడిలో ఒక భాషలో లెక్కలు చెప్పి, ఇంటికొచ్చి ఇంకో భాషలో అన్నం అడిగేవాళ్ళం. ఒకే రోజులో రెండు ఇళ్ళ పిల్లలుగా మసలడం మనకు ఎప్పటినుంచో అలవాటు. రెండూ నిజమే, ఏదీ నటన కాదు. 'గుండమ్మ కథ'లో పనివాడిగా వచ్చిన అంజి ఆ ఇంట్లో పిండి రుబ్బుతూ నిజంగానే ఆ ఇంటివాడు అయిపోతాడే, అది మనకు వేరే చెప్పక్కరలేకుండా అర్థమవుతుంది. మీ బల్లార్షాలో మరాఠీ బడికి వెళ్ళే తెలుగు పిల్లలకూ ఇలాగే ఉంటుందా? నువ్వు అక్కడ ఉన్నావు, అడిగి చూడు. వాళ్ళ ఇళ్ళలో ఏ సినిమాలు మళ్ళీ మళ్ళీ నడుస్తున్నాయో రాయి. గనుల్లో పనిచేసే కుటుంబాల్లో ముసలివాళ్ళు ఉంటే వాళ్ళను ముఖ్యంగా అడుగు.

నా మాటకు అడ్డం వచ్చే సినిమా ఒక్కటైనా వెతికి పెట్టు, నీకు తప్పక దొరుకుతుంది. దొరికితే దాచుకోకుండా రాసి పంపు, దాని గురించి మళ్ళీ ఒక రాత్రి కూర్చుంటాను. సంక్రాంతికి వస్తానన్నావు, మాట తప్పకు. చెల్లెమ్మకూ పిల్లలకూ నా ఆశీస్సులు. అమ్మ నిన్ను అడిగిందని రాయమంది. వచ్చేటప్పుడు మీ నాన్నగారి శంకరాభరణం రికార్డు ఇంకా ఉంటే పట్టుకురా, మా ఎదురింటి మాస్టారి దగ్గర పనిచేసే ప్లేయరు ఉంది.

ఇట్లు
నీ
రామం