జెండా ఊపి పంపుతున్నారు సరే, ఆపరేషన్ టేబుల్ ఎంత దూరం?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఐక్యరాజ్యసమితి శాంతిదళంలోకి మన బెటాలియన్ ఏదైనా బయల్దేరినప్పుడల్లా పత్రికల్లో వార్త వస్తుంది. ఎంతమంది వెళ్తున్నారు, ఏ దేశానికి, ఎన్నాళ్లకు, జెండా ఊపిన అధికారి ఎవరు, అన్నీ ఉంటాయి. ఫొటో కూడా ఉంటుంది. నేను ఆ వార్తలో ఒకే ఒక్క వాక్యం కోసం వెతుకుతాను. అక్కడ మనవాడికి తూటా తగిలినా, బండి బోల్తా పడినా, అర్ధరాత్రి అపెండిక్స్ పగిలినా, కోసి కుట్టే సర్జన్ ఎన్ని గంటల దూరంలో ఉంటాడు? ఆ వాక్యం నాకు ఇంతవరకు కనబడలేదు.

ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఒక ఏడాది ఆఫ్రికాలో, శాంతిదళం క్యాంపులో గడిచింది. ఎంఐ రూమ్, అంటే క్యాంపులో జబ్బుపడ్డవాళ్లను చూసే గది, ఆ పని నేనే చూసుకునేవాణ్ణి. కాబట్టి ఇందులో కొంత చూసింది, కొంత తర్వాత చదివి తెలుసుకున్నది.

అక్కడి ఏర్పాటు ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. ఐరాస తన వైద్య కేంద్రాలను లెవెళ్లుగా విడదీసింది. లెవెల్ 1 అంటే బెటాలియన్‌తో పాటే ఉండేది. డాక్టర్ ఉంటారు, కాసిని మంచాలు ఉంటాయి, ఆపరేషన్ థియేటర్ ఉండదు. లెవెల్ 2లో సర్జన్, మత్తు డాక్టర్, 20 పడకలు, రోజుకు మూడు నాలుగు ఆపరేషన్లు చేయగల ఏర్పాటు. లెవెల్ 3లో 50 పడకలు. కాంగోలోని గోమాలో 2005 నుంచి లెవెల్ 3 ఆస్పత్రి నడిపింది మన సైన్యమే. దక్షిణ సూడాన్‌లోని మలకాల్‌లోనూ మనవాళ్లు లెవెల్ 2 నడిపారు. మన డాక్టర్లకు చేతకాదని నేననడం లేదు. ఆస్పత్రి బాగానే ఉంటుంది, దెబ్బ తగిలినవాడే అక్కడ ఉండడు. మధ్యలో మోకాలిలోతు బురద, కూలిన వంతెన, చీకటి ఉంటాయి.

దీనికి ఐరాసకే ఒక లెక్క ఉంది. పది, ఒకటి, రెండు అంటారు. దెబ్బ తగిలిన 10 నిమిషాల్లో రక్తం ఆపి, ఊపిరి ఆడేలా చూడాలి. గంటలోపు అంతకన్నా పెద్ద అత్యవసర చికిత్స అందాలి. రెండు గంటల్లో ప్రాణం నిలబెట్టే ఆపరేషన్ జరగాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి లెక్క ఉండదు. గడియారం పెట్టుకుని అది నడిచిన తీరు నేను ఒక రాత్రి చూశాను.

వానాకాలం. సాయంత్రం గస్తీకి వెళ్లిన బండి జారి పక్కకు పడిపోయింది. ఒక కుర్రాడి తొడ ఇనుప అంచు కింద నలిగి చీలింది. పక్కనున్నవాడు అతని బడ్డీ, అంటే జోడీ సైనికుడు కదా, వెంటనే టూర్నికే బిగించేశాడు. తొడకు పట్టీ చుట్టి పుల్ల తిప్పి రక్తం ఆపే సాధనం అది. బిగించడమే కాదు, పెన్ను తీసి అతని నుదుటి మీద టైమ్ రాశాడు, 17.20 అని. ఎంఐ రూమ్‌కి తెచ్చేసరికి ఆరున్నర. హెలికాప్టర్ కోసం సందేశం పంపాం. చాలా మిషన్లలో ఆ పనికి వాడేవి అద్దెకు తీసుకున్న సివిల్ హెలికాప్టర్లు. చీకటి పడితే ఎగరవు. తెల్లవారాక వస్తామన్నారు.

టూర్నికే రెండు గంటలు దాటి ఉంచితే కాలికే ముప్పు. తీస్తే రక్తం ఆగకపోవచ్చు. మా డాక్టర్ సాబ్ గాయంలోకి గాజుగుడ్డ పొరలు పొరలుగా కుక్కి, నా రెండు చేతులూ దాని మీద పెట్టించి, అప్పుడు మెల్లగా పట్టీ వదులు చేశారు. ఆగింది. ఆగింది కదా అని చేయి తీయడానికి లేదు. ఇద్దరం వంతులేసుకుని నొక్కి పట్టుకున్నాం. ఆ ఉక్కపోతలోనూ అతనికి రెండు రగ్గులు కప్పాం, ఎందుకంటే రక్తం పోయినవాడి ఒళ్లు చల్లబడుతుంది, చల్లబడితే రక్తం గడ్డకట్టదు, మళ్లీ కారుతుంది. తెల్లారి ఆరూ నలభైకి హెలికాప్టర్ దిగింది. అంటే పదమూడు గంటల ఇరవై నిమిషాలు. కుర్రాడు బతికాడు, కాలు కూడా దక్కింది. అది డాక్టర్ సాబ్ చేతి చలవ, ఆ బడ్డీ తెలివి. ఏర్పాటు గొప్పతనం మాత్రం కాదు. గాయం తొడలో కాక పొట్టలో అయ్యుంటే మేం నొక్కడానికి చోటు కూడా ఉండేది కాదు.

ఇది ఒక్క మా క్యాంపు గోడు కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 2001 నుంచి 2011 వరకు యుద్ధాల్లో చనిపోయిన అమెరికా సైనికులు 4,596 మంది వివరాలను అక్కడి సైనిక డాక్టర్లు పరిశీలించారు. వారిలో 87 శాతం మంది ఆస్పత్రి గుమ్మం చేరకముందే పోయారు. ఆ పోయినవారిలో దాదాపు నాలుగోవంతు మందిని బతికించే అవకాశం ఉండేదట. వారిలో పదింట తొమ్మిది మంది ప్రాణం తీసింది రక్తస్రావమే. అఫ్గానిస్తాన్‌లో గాయపడినవారిని గంటలోపు చేర్చాలని 2009లో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఆదేశించాక సగటున 90 నిమిషాలు పట్టే ప్రయాణం 43 నిమిషాలకు దిగింది. గాయపడినవారిలో మరణాలు 13.7 శాతం నుంచి 7.6 శాతానికి తగ్గాయి. ఘనతంతా హెలికాప్టర్లదే అనను, ఇతర కారణాలూ ఉంటాయి. కానీ పైనుంచి ఒకరు గడియారం చూపించి నిలదీస్తే కింద కదలిక వస్తుందని మాత్రం తెలుస్తోంది.

మొదటి పది నిమిషాలు డాక్టరువి కావు. నర్సింగ్ అసిస్టెంట్‌వి కూడా కావు. పక్కనున్న డ్రైవర్‌వి, వంటవాడివి, సిగ్నల్ కుర్రాడివి. అమెరికా రేంజర్ల దళంలో వైద్యం తెలిసినవాళ్లకే కాక ప్రతి సైనికుడికీ రక్తం ఆపడం నేర్పారు. దానితో బతికించదగ్గవాళ్లు దారిలో చనిపోవడం దాదాపు లేకుండా పోయింది. మనవాళ్లకూ ఫస్ట్ ఎయిడ్ క్లాసు ఉంటుంది, నేనే చెప్పాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టేవారు. సగం మంది కునుకు తీసేవారు.

మనకు ఈ విద్య కొత్తేం కాదు. 1950లో కొరియా యుద్ధానికి వెళ్లిన 60 పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ మనదే. అది బండి పేరు కాదు, సైనిక వైద్య దళం పేరు. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ దాని కమాండర్. ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ వదిలి వెనక్కి రావాల్సివచ్చినప్పుడు, బండ్లు లేవు కాబట్టి సామాను తగలబెట్టి రమ్మన్నారు. వీళ్లు ఒక పాత రైలింజన్ వెతికి పట్టుకుని, బాయిలర్‌లో బకెట్లతో నీళ్లు పోసి, మందులూ పరికరాలూ ఎక్కించుకుని వచ్చేశారు. 1951 మార్చిలో అమెరికా దళంతో పాటు పారాచూట్లతో మున్సాన్‌లో దూకారు. గాయపడినవాడు తమ దగ్గరికి వచ్చేదాకా కూర్చోలేదు, అతను పడిన చోటికే థియేటర్ మోసుకెళ్లారు. రంగరాజ్ గారికి మహావీర చక్ర ఇచ్చారు. ఇప్పుడు వాళ్ల ఫొటోలు చూపించుకోవడం బాగానే ఉంది, వాళ్లు చేసిన పని గుర్తుంచుకుంటే ఇంకా బాగుండేది.

తూటాల సంగతి ఇంతసేపు రాశాను గానీ, నా రిజిస్టర్‌లో తూటాలు తక్కువ, జ్వరాలు ఎక్కువ. శాంతిదళాల్లో ఇన్నేళ్లలో శత్రుదాడుల్లో పోయినవారికన్నా జబ్బులతో పోయినవారే ఎక్కువ. మలేరియా మాత్ర నా ఎదుటే మింగాలని రూలు. నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసేవాణ్ణి. అక్కడ దాచి బయటికి వెళ్లి ఊసేసే ఘనులు ఉండేవారు, కడుపులో మంట అని. 2003లో లైబీరియాకు వెళ్లిన అమెరికా మెరీన్‌లు కూడా మాత్రలు సరిగా వేసుకోక, కొద్ది రోజుల్లోనే 80 మంది మలేరియాతో పడిపోయారు.

అసలు చిక్కు తిరిగొచ్చాక. మలేరియా రాకుండా వేసుకునే మాత్ర డాక్సీసైక్లిన్ అయితే, వచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. సెలవు మీద ఇంటికెళ్లినవాడు వేసుకోడు. వైవాక్స్ రకం మలేరియా కాలేయంలో దాక్కుని నెలల తర్వాత లేస్తుంది. దాన్ని కడిగేయడానికి ప్రైమాక్విన్ ఇవ్వాలి, అదీ ఆ మందు అతని ఒంటికి పడుతుందో లేదో చెప్పే జీ6పీడీ రక్తపరీక్ష ముందు చేసి. అప్పటికి ఆ కుర్రాడు వేరే యూనిట్‌లో ఉంటాడు, లేదా పెన్షన్‌లో ఉంటాడు. ఎదురుగా ఉన్న డాక్టరుకు అతను ఆఫ్రికాలో పనిచేసి వచ్చాడని తెలియదు. అడగరు, ఇతను చెప్పడు. ఎక్కడ పనిచేశాడు, ఏ మందు వాడాడు, ఎప్పుడు ఆపాడు అన్న మూడు ముక్కలు రాసిన కార్డు ఒకటి జేబులో పెట్టి పంపడానికి ఎంతవుతుంది?

వైద్యం అంటే మనవాళ్ల వైద్యమే కాదని కూడా గుర్తుండాలి. 2010లో హైతీలో శాంతిదళం క్యాంపు మురుగు నదిలో కలిసి కలరా పాకింది. దాదాపు పదివేల మంది స్థానికులు పోయారు. ఐరాస క్షమాపణ చెప్పడానికి 2016 దాకా పట్టింది. అక్కడ లోపించింది సర్జన్ కాదు, సరిగా కట్టిన సెప్టిక్ ట్యాంక్.

ఇవన్నీ రక్షణ రహస్యాలు, పత్రికలకు చెప్పకూడదు అంటారేమో. క్యాంపు ఎక్కడో చెప్పమనడం లేదు. ఎన్ని తుపాకులున్నాయో చెప్పమనడం లేదు. దెబ్బ తగిలినవాడు సర్జన్ దగ్గరికి చేరడానికి పగలు ఎన్ని గంటలు, రాత్రి ఎన్ని గంటలు, ఈ రెండు అంకెలు చాలు. రాత్రి ఎగిరే హెలికాప్టర్ లేకపోతే లేదని ఒప్పుకోండి. అప్పుడు సర్జన్‌నే ముందుకు పంపాలా, రక్తం నిల్వ అక్కడే పెట్టాలా, గస్తీల దూరం తగ్గించాలా అన్న చర్చ మొదలవుతుంది. శాంతిదళాల్లో ఇప్పటిదాకా 170 మందికి పైగా మనవాళ్లు ప్రాణాలిచ్చారు. వారిలో ఎందరికి సర్జన్ వేళకు దొరికాడో పార్లమెంటులో ఎవరైనా ఒక సభ్యుడు అడిగితే జవాబు ఇవ్వక తప్పదు.

మీ విలేకరి ఈసారి జెండా ఊపే కార్యక్రమానికి వెళ్లినప్పుడు ఆ రెండు అంకెలు అడగమని మనవి. వీలైతే వరుసలో నిలబడ్డ వంటవాణ్ణి పక్కకు పిలిచి, టూర్నికే బిగించడం వచ్చా బాబూ అని కూడా అడగమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ అసిస్టెంట్