రోజూ అదే బృందమా? నాన్నగారికి జవాబు

ఎడిసన్, న్యూజెర్సీ
2017 ఆగస్టు 9

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. అమ్మకు కూడా నా నమస్కారాలు చెప్పండి. ఇక్కడ మేమిద్దరం క్షేమంగా ఉన్నాము.

మొన్న ఆదివారం ఫోనులో మీరు, "శుక్రవారం విన్నావు, నిన్న విన్నావు, మళ్ళీ ఈరోజు కూడా ఆ బృందమేనా? ఒకసారి వింటే సరిపోదా?" అని అడిగినప్పుడు బయలుదేరే హడావిడిలో నవ్వి ఊరుకున్నాను. జీవితమంతా కచేరీలు విన్న మీకు ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పకపోవడం నాకు బాగోలేదు. అందుకే తీరికగా కూర్చుని రాస్తున్నాను.

ఫిష్ అనే ఈ రాక్ బృందం 1983లో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. గిటారు వాయిస్తూ ఎక్కువ పాటలు పాడేది ట్రే అనస్టాసియో, బేస్ గిటారు మైక్ గార్డన్‌ది, కీబోర్డులు పేజ్ మెకానెల్‌వి, డ్రమ్స్ జాన్ ఫిష్‌మన్‌వి. రేడియోలో మారుమోగిన పెద్ద హిట్ అంటూ వీళ్ళకు లేదనే చెప్పాలి. అయినా ఇరవై వేల మంది పట్టే మందిరాలను ఏళ్ళ తరబడి నింపుతున్నారు. దానికి కారణం ఈ బృందం ఏ రెండు రాత్రులూ ఒకేలా వాయించకపోవడమే. పాటలో ముందుగా కూర్చిన భాగం ముగిశాక నలుగురూ కలిసి అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. ఆ అల్లిక ఒక్కోసారి తిరిగి అదే పాటలోకి వస్తుంది, ఒక్కోసారి ఎక్కడా ఆగకుండా ఇంకో పాటలోకి జారిపోతుంది, ఎటు పోతుందో చాలాసార్లు వాయిస్తున్న వాళ్ళకే తెలియదు. ఒకే విద్వాంసుడి కల్యాణి రాగాలాపనను మీరు ఎన్ని సభల్లో వినలేదు? అన్నీ ఒకటేనని మీరెప్పుడైనా అన్నారా?

అయితే పాడినదే మళ్ళీ పాడుకునే వెసులుబాటు మన విద్వాంసుడికి ఉంటుంది, దాన్ని ఈ వేసవిలో వీళ్ళు తమకు తామే లేకుండా చేసుకున్నారు. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జూలై 21 నుంచి ఆగస్టు 6 వరకు, మధ్యలో అక్కడక్కడ సెలవులు తీసుకుంటూ, 13 కచేరీలు చేశారు. ఇక్కడ పదమూడింటిని బేకర్స్ డజన్ అంటారు కనుక ఆ పేరే ఈ వరుసకు పెట్టి, రాత్రికొక డోనట్ రుచిని ఎంచుకుని, ముందుగా వచ్చిన వాళ్ళకు ఆ డోనట్లు ఉచితంగా పంచి, పాటల ఎంపికను కూడా ఆ రుచికి ముడిపెట్టారు. నాకు ఇదంతా కొంచెం చిన్నపిల్లల ఆటలా అనిపించింది. పెద్ద విషయం అది కాదు. ఈ 13 రాత్రుల్లో వాళ్ళు ఒక్క పాటను కూడా రెండోసారి వాయించలేదు. 230కి పైగా పాటలు, ఒక్కటీ పునరావృతం కాలేదు.

దీనివల్ల వినేవాళ్ళ స్థితి ఎలా మారుతుందో ఊహించండి. మామూలుగా ఇష్టమైన పాట ఈరోజు రాకపోతే రేపు వస్తుందని సరిపెట్టుకుంటాము. ఇక్కడ అది ఇప్పటికే మనం లేని రాత్రి అయిపోయి ఉండవచ్చు, అయిపోతే ఇక రాదు. అందుకని నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ మిగిలిన పాటల జాబితాను మనసులో వేసుకునే వచ్చారు. ఒక పాట మొదటి నాలుగు స్వరాలు వినబడగానే హాలంతా కేక వేస్తుంది, ఆ కేకలో సంతోషంతో పాటు 'ఇది కూడా అయిపోయింది' అన్న లెక్క కూడా ఉంటుంది. చివరి రాత్రికి వచ్చేసరికి ఇంకా ఏయే పెద్ద పాటలు మిగిలి ఉన్నాయో అందరికీ తెలుసు, వాటిలో ఏది ఎప్పుడు వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. అది విడిగా ఒక కచేరీ కాదు, నాన్నగారూ. వారాల తరబడి సాగిన ఒకే కచేరీకి ముగింపు. దాని ముందు రాత్రులు వినకుండా ఆదివారం ఒక్కటే వినడమంటే రాగం, తానం వదిలేసి పల్లవికి వచ్చి కూర్చోవడమే.

జూలై 25 రాత్రి నేను అక్కడ లేను, అది నాకు ఇప్పటికీ బాధే. సాధారణంగా కొద్ది నిమిషాల్లో ముగిసిపోయే ఒక నెమ్మదైన పాటను ఆ రాత్రి దాదాపు అరగంట సేపు వాయించారు. మరునాడు రికార్డింగు విన్నాను. మొదట ఎవరూ దాన్ని పెంచాలని తొందరపడరు. బేస్ గిటారు ఒక చిన్న మాటను పట్టుకుంటుంది, కీబోర్డు దానికి బదులిస్తుంది, గిటారు చాలాసేపు వెనకే ఉండి, మిగతా ముగ్గురూ ఒక దారిలో పడ్డాకే ముందుకు వస్తుంది. ఒకరిని ఒకరు ఇంతగా వినడం వాళ్ళకు ఊరికే వచ్చిన విద్య కాదు. తొలి ఏళ్ళలో వాళ్ళు దీనికోసం ప్రత్యేకంగా సాధన చేసేవారు. ఒకరు చిన్న సంగతి ఒకటి మొదలుపెడితే మిగిలినవారు దాన్ని అందుకుని దానికి తమ వంతు కలుపుతారు, అందరిదీ కుదిరిందని వినబడినవారు 'హే' అంటారు. తన వాయిద్యంలోనే మునిగిపోయినవాడికి ఆ కుదిరిన క్షణం తెలియదు కనుక, ఎదుటివాడిని వినక తప్పదు. శిష్యుల చేత ఇలాంటి సాధన చేయించే గురువులు మన దగ్గరా ఉంటే ఎంత బాగుంటుందో అనిపించింది. ఉన్నారేమో, మీకే తెలియాలి.

ఇక నేను విన్న రాత్రుల సంగతి. గార్డెన్ 1968లో పెన్సిల్వేనియా రైల్వే స్టేషను మీద కట్టిన గుండ్రటి భవనం. కచేరీ జరిగే అంతస్తు వీధికి చాలా ఎత్తున ఉంటుంది, జనం ఒకే లయలో ఎగిరినప్పుడు కాళ్ళ కింద నేల ఊగడం స్పష్టంగా తెలుస్తుంది. మొదటిసారి నాకు భయం వేసింది. రైలు దిగి మెట్లెక్కితే హాలే కనుక రాకపోకలు సులువు కావాలి గాని, ఈ వేసవిలో ఆ స్టేషనులో పట్టాల మరమ్మతులు జరుగుతున్నాయి. రైళ్ళు తగ్గాయి, రద్దీ పెరిగింది. డోనట్ నాకు ఒక్క రోజు కూడా దక్కలేదు.

శుక్రవారం మొదటి భాగం నన్ను పెద్దగా ఆకట్టుకోలేదు, పాటలు వచ్చిపోతున్నట్టే ఉంది. శనివారం రుచి పేరు బోస్టన్ క్రీమ్. బోస్టన్, క్రీమ్ అనే రెండు పాత రాక్ బృందాల పాటలను ఒకదానిలో ఒకటి కలిపి వాయించి నవ్వించారు. ఆ చమత్కారం కంటే ఆ రాత్రి వేదికకు పక్కగా దొరికిన సీటు నాకు ఎక్కువ లాభించింది. అక్కడి నుంచి చూస్తే నలుగురూ ప్రేక్షకుల వైపు కంటే ఒకరి వైపు ఒకరు ఎక్కువగా చూసుకోవడం కనబడుతుంది. దీపాల సంగతి కూడా అక్కడే అర్థమైంది. క్రిస్ కురోడా 1989 నుంచి వీళ్ళ దీపాలు నడుపుతున్నాడు. సంగీతం ఎటు పోతే అటు, ముందుగా రాసుకున్న క్రమం లేకుండా, అతను కూడా అప్పటికప్పుడే వెలుగులు మారుస్తాడు. అతన్ని ఐదో వాద్యగాడు అంటే అతిశయోక్తి కాదు. ఆదివారం నాడు, ఆ హాలులో ఆడే బాస్కెట్‌బాల్, హాకీ జట్ల పతాకాలు వేలాడే పైకప్పుకు ఈ 13 రాత్రుల గుర్తుగా ఒక పతాకాన్ని ఎత్తారు. నా పక్కన ఉన్న నడివయసు మనిషి అన్ని రాత్రులకూ వచ్చినట్టు చెప్పి, అది పైకి వెళ్తుంటే చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మీ అల్లుడుగారు శుక్రవారం వచ్చి, రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని, విరామ సమయంలో "ఇంకా ఉందా?" అని అడిగారు. ఆయనను మళ్ళీ పిలవలేదు. అయితే చెవుల విషయంలో ఆయనదే జ్ఞానం. ఇలాంటి హాళ్ళలో ధ్వని 100 డెసిబెల్స్ దాటడం మామూలే, వరుసగా వెళ్ళేవాళ్ళు చెవులకు రక్షణ లేకుండా కూర్చోకూడదు. నేనూ ఇయర్ ప్లగ్స్ పెట్టుకునే విన్నాను, అమ్మను కంగారు పడవద్దని చెప్పండి.

ఈ బృందం తమ కచేరీలను శ్రోతలు రికార్డు చేసుకోవడానికి మొదటి నుంచీ ఒప్పుకుంటుంది. పొడవాటి కర్రలకు మైకులు కట్టుకుని నిలబడేవాళ్ళు ఒక మూల కనబడుతూనే ఉంటారు. బృందం స్వయంగా కూడా ప్రతి రాత్రి రికార్డింగునూ అమ్ముతుంది. జూలై 25 నాటిది కొని తమ్ముడి కంప్యూటరుకు పంపిస్తున్నాను. అందులో నేను చెప్పిన ఆ అరగంట పాట ఒక్కటే వినండి, మిగతావి వద్దు. గొంతులు మీకు నచ్చవని నాకు తెలుసు, కనుక పాడే భాగం అయ్యేదాకా ఓపిక పట్టండి. తర్వాత డ్రమ్స్ మీద మీ అభిప్రాయం రాయండి. లయ విషయంలో మీరు తప్పు పడితే నేను వాదించను.

సంవత్సరం చివరి రాత్రులకు వీళ్ళు గార్డెన్‌కు రావడం పరిపాటి. ఈసారీ వస్తే అన్ని రోజులకూ టికెట్లు తీసుకోవాలని ఉంది. మీ అల్లుడుగారికి ఇంకా చెప్పలేదు, ఫోనులో మీరు కూడా చెప్పకండి.

మీ
అమ్మాయి