తిని తగ్గు బిడ్డా

చిరంజీవి శ్రీనుకు అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్న మోకాలు నూనె రాస్తే కొంచెం నయం. అక్క పోయిన ఆదివారం వచ్చి వెళ్లింది, బుజ్జిది గోడ పట్టుకుని నిలబడుతోంది. ఈసారి ఆవకాయకు మంచి కాయ కోసం చాలా తిరిగాం. చివరికి మాదన్నపేట మార్కెట్లో దొరికింది, గట్టిగా, పుల్లగా ఉంది. వెల్లుల్లి ఎక్కువ వేసి నీకు ఒక చిన్న జాడీ పక్కన పెట్టాను. మన సందు మళ్లీ తవ్వారు, పైపు వేస్తారట. బాలరాజు మామ బండి అవతలే పెట్టి నడుచుకుంటూ వస్తున్నాడు.

పద్మ పిన్ని మొన్న వచ్చినప్పుడు మాటల్లో ఒక సంగతి అన్నది. వాళ్ల పక్కింటి అబ్బాయి శంషాబాద్‌లో మీ గోడౌన్‌లోనే రెండో షిఫ్ట్ చేస్తాడట కదా. లారీ దించుతుంటే నీకు కళ్లు తిరిగి, ట్రాలీ పట్టుకుని కింద కూర్చున్నావట. ఎవరో నీళ్లు తాగించారట. నిజమేనా బిడ్డా? ఫోన్ చేస్తే బిజీ అమ్మా, తర్వాత చేస్తా అంటావు, ఆ తర్వాత రాదు. పెద్దవాడివి, నీ పనులు నీకుంటాయి. నేను కూర్చున్నది దాని గురించి రాయడానికి కాదు, ఇంటి సంగతులు రాద్దామనే. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలోనే సరే సరే అని పెట్టేస్తావు, కాగితం అయితే చివరిదాకా చదువుతావని.

మా అంగన్‌వాడీ సెంటర్‌లో పిల్లల బరువులు చూశాం. ఒక పిల్లవాడు పోయిన నెల ఎంతున్నాడో ఈ నెలా అంతే. వాళ్లమ్మ రోజంతా ఏదో ఒకటి తింటూనే ఉంటాడు టీచర్ అంటుంది. ఏం తింటాడమ్మా అని అడిగితే బిస్కెట్లు, చాయ్‌లో ముంచిన బన్ను. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంటికి ఏమీ పట్టదు. గుడ్డు, సెంటర్‌లో ఇచ్చే బాలామృతం పొడి గురించి ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. చెబుతున్నంతసేపూ నా మనసు శంషాబాద్‌లోనే ఉంది. నువ్వు పొద్దున ఏం తిని వెళ్తున్నావు? చాయ్ తాగి వెళ్తున్నావని నీ రూమ్మేట్ అన్నాడు. అతని మీద కోప్పడకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను.

బరువు తగ్గొద్దని నేను అనడం లేదు. తగ్గాలి. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పాక, మీ నాన్న వైపు వాళ్లందరినీ చూశాక, నువ్వు తొంభై దాటి ఉంటే నాకు నిద్ర పడుతుందా? నువ్వు మొదలుపెట్టావంటే సంతోషించాను. కానీ ఫోన్‌లో ఏదో యాప్ చెప్పిందని రోజుకు 1200 క్యాలరీలే తింటున్నావట. నువ్వు పొద్దుగూకులూ కుర్చీలో కూర్చుంటావా, రాక్‌ల మధ్య నడుస్తూ, డబ్బాలు మోస్తూ ఉంటావా అని ఆ యాప్ ఒక్క మాటైనా అడిగిందా?

మన తార్నాకలో పోషకాహార సంస్థ ఉంది కదా, 1958లో కూనూరు నుంచి మన ఊరికి వచ్చినది. వాళ్లు 2020లో ఇచ్చిన లెక్క మా ట్రైనింగ్ పుస్తకంలో రాసుకున్నాను. 65 కిలోల మగమనిషి కూర్చుని పనిచేస్తే రోజుకు 2110 క్యాలరీలు కావాలి. మధ్యరకం కష్టమైతే 2710, బరువు పనైతే 3470. నీ బరువు 65 కంటే ఎంత ఎక్కువో నీకే తెలుసు. అంత పని చేస్తూ 1200 తింటే మిగిలింది ఎక్కడి నుంచి రావాలి? కొవ్వు ఒక్కటే కరగదు బిడ్డా, కండ కూడా పోతుంది. రేపు బస్తా ఎత్తాల్సింది ఆ కండే కదా. మరీ తొందరగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే భయం కూడా ఉంది. వారానికి అర కిలో తగ్గితే మంచిదని ఆ సంస్థ వాళ్లే చెప్పారు. కిలో కొవ్వు అంటే దాదాపు 7700 క్యాలరీలు. అంటే నీకు కావాల్సిన దాంట్లోంచి రోజుకు ఓ 500 తగ్గిస్తే చాలు, అర కిలో లెక్క సరిపోతుంది. ఎంతో తీసేయాల్సిన పని లేదు.

తాతయ్య సంగతి నీకు సరిగా తెలియదు. నువ్వు చూసేసరికే ఆయన గంజ్ మార్కెట్లో పని మానేసి అరుగు మీద కూర్చునేవాడు. నా చిన్నప్పుడు మలక్‌పేట గంజ్‌లో హమాలీ. అప్పట్లో బస్తా అంటే క్వింటాల్. వీపు మీద వేసుకుని, లారీకి ఆనించిన చెక్క మీద ఎక్కడం, దిగడం. అలాంటి మనిషికి పొట్ట వచ్చింది, మోకాళ్లు నొప్పి పుట్టాయి, బీపీ వచ్చింది. డాక్టర్ బరువు తగ్గమన్నాడు. తాతయ్య పట్టింపు మనిషి కదా, ఆ పూట నుంచే అన్నం మానేశాడు. పొద్దున చాయ్, మధ్యాహ్నం రెండు అరటిపళ్లు. రాత్రి ఇంటికొచ్చాక ఆకలికి ఆగలేక తపేలాలో అన్నమంతా ముందు పెట్టుకునేవాడు. మొదట్లో ముఖం పీక్కుపోతే అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఇంట్లో ఆయన ముందు గట్టిగా మాట్లాడాలంటే భయం. మమ్మల్ని ఒక్క మాట అనని మనిషి చెంబు విసిరేశాడు. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి లేచి కూర్చునేవాడు.

ఒకరోజు ఉల్లిగడ్డ లారీ వచ్చింది. బస్తాతో చెక్క మీద సగం దిగాక మోకాలు మడత పడింది. బస్తా ఇటు, ఆయన అటు పడ్డారు. బస్తా కిందే పడి ఉంటే ఈ ఉత్తరం రాయడానికి ఇంత ధైర్యం నాకు ఉండేది కాదు. తోటివాళ్లు రిక్షాలో పడుకోబెట్టి తెచ్చారు. అమ్మమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కాళ్లకు కాపడం పెట్టి, రేపటి నుంచి నేను పెట్టింది నేను చెప్పినప్పుడు తినాలి అన్నది.

పొద్దున రెండు జొన్న రొట్టెలు, గట్టి పప్పు, ఏదో ఒక ఆకుకూర. పది గంటలకు ఉప్పు, ఉల్లిగడ్డ వేసిన చెంబెడు మజ్జిగ, గుప్పెడు ఉడికించిన పల్లీలు. అది గంజ్‌కు తీసుకెళ్లేది నేనే, బడి ఉన్నప్పుడు మాత్రం పక్కింటి అబ్బాయి. మధ్యాహ్నం అన్నం పెట్టేది, కానీ ముందు తినేదాంట్లో సగం. పప్పూ కూరా మాత్రం రెండింతలు, వీలైనప్పుడు గుడ్డు. సాయంత్రం బొబ్బర గుడాలు. రాత్రి పెందలాడే రొట్టె. బరువు తగ్గమంటే ఇన్ని డబ్బాలు తింటున్నావేంటి అని గంజ్‌లో అందరూ నవ్వేవారు. మరి మానిపించిందేంటి? చక్కెర చాయ్‌లు, గేటు దగ్గర మిర్చి బజ్జీలు, రాత్రి గుట్ట అన్నం, ఆదివారం కల్లు. అంతే. దసరాకు మనిషి మనిషిలా అయ్యాడు, కోపం పోయింది. ఉగాదికి చొక్కాలన్నీ వదులయ్యాయి. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బస్తాలు మోశాడు. మునుపటి కంటే ఎక్కువసార్లు తిన్నాడు, మునుపటి కంటే సన్నబడ్డాడు. నేను కళ్లతో చూశాను కాబట్టే ఇంత చెబుతున్నాను.

లారీ, చెక్క అని రాస్తుంటే నువ్వు కూర్చుండిపోయిందే కళ్ల ముందు ఆడుతోంది. అది లారీలు ఆనించే డాక్ అంచున జరిగి ఉంటే? చేతిలో బరువు ఉండగా జరిగి ఉంటే?

లెక్చర్ ఇస్తున్నానని అనుకోకు. నీ చాయ్ సంగతే తీసుకో. షిఫ్ట్‌లో ఐదారు తాగుతావు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. చక్కెరకే రెండు వందల పైన క్యాలరీలు అవుతాయి. తగ్గించాల్సింది అక్కడ. నోరూరించే ఆ ఉస్మానియా బిస్కెట్లూ అంతే. సెలవు రోజు రాత్రి ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ ఒక్కడివే తిన్నావని కూడా తెలిసింది. అది నీ తప్పని అనను, వారమంతా మాడ్చిన కడుపు ఇంకేం చేస్తుంది? పొద్దున పెట్టకపోతే రాత్రి లాక్కుంటుంది.

కాబట్టి షిఫ్ట్‌కు వెళ్లే ముందు తినాలి. రెండు పెసరట్లో, రొట్టె పప్పో, అవేవీ లేకపోతే రెండు ఉడికించిన గుడ్లు, ఒక అరటిపండు, గ్లాసు పాలు. గుడ్డుకు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, గ్లాసు పాలకు దాదాపు 8, గుప్పెడు పల్లీలకు 7. కిలో బరువుకు 0.83 గ్రాములు చాలని సంస్థ వాళ్ల లెక్క, అది మామూలు మనిషికి. కష్టం చేస్తూ బరువు తగ్గేవాడికి ఇంకొంచెం ఎక్కువే పడాలి. పౌడర్ డబ్బాలు కొనకు, ఆ డబ్బుతో ఎన్ని గుడ్లు వస్తాయో చూసుకో. అన్నం పూర్తిగా మానకు, పనిచేసే రోజు బరువు ఎత్తే శక్తి దాంట్లోంచే వస్తుంది. సెలవు రోజు తగ్గించుకో. పల్లీలు మంచివే కానీ పొట్లం పొట్లం తినకు, వాటిలో నూనె ఎక్కువ.

నీళ్లు. ఈ ఎండల్లో రేకుల కింద చెమట ఎంత పోతుందో నాకు తెలుసు. ఉత్త నీళ్లే తాగితే చాలదు, ఉప్పు కూడా పోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ బాటిల్‌లో పోసుకెళ్లు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంపుతున్నాను, మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అని ప్యాకెట్ మీద చూసి తెచ్చినవి, లీటరు నీళ్లలో ఒక ప్యాకెట్ మొత్తం కలపాలి. సగం సగం కలపకు. చూపించుకున్నాక బీపీ ఉందని తేలితే సంగతి వేరు, అప్పుడు డాక్టర్ చెప్పినంతే ఉప్పు.

రోజూ కాటా ఎక్కకు, నీళ్లకే కిలో అటూ ఇటూ అవుతుంది. వారానికి ఒకసారి, పొద్దున్నే, ఒకే కాటా మీద. తగ్గకపోతే గాభరా పడి పూట మానేయకు. నెలకు కిలోన్నర, రెండు కిలోలు దిగితే చాలు, అంతకంటే వేగంగా దిగితే నాకు చెప్పు. రాత్రి షిఫ్ట్ చేసి వచ్చి పగలు ఫోన్ చూస్తూ పడుకుంటావట, అది కూడా మానాలి. నిద్ర చాలకపోతే ఆకలి ఎక్కువవుతుంది.

ఇంకో మాట, కళ్లు తిరిగింది నిజమే అయితే ఒకసారి డాక్టర్‌కు చూపించుకో. హిమోగ్లోబిన్, షుగర్, బీపీ. మళ్లీ తిరిగితే ఏ టార్గెట్ అయినా సరే, బరువు దించేసి నీడలో కూర్చో, సూపర్‌వైజర్‌తో చెప్పు. నువ్వు చెప్పలేకపోతే నంబర్ ఇవ్వు, నాన్న మాట్లాడతాడు.

బాలరాజు మామ అటు ఆరాంఘర్ మీదుగా వెళ్తున్నాడు, ఆయన చేతికే ఇస్తున్నాను. పెద్ద డబ్బాలో జొన్న రొట్టెలు, ఇవాళే తినేయాలి. చిన్న డబ్బాలో పాలకూర పప్పు గట్టిగా చేశాను. కవర్‌లో వేయించిన శనగలు, ఉడికించుకోవడానికి బొబ్బర్లు. ఆవకాయ నూనె పైకి తేలి ఉంటుంది, అన్నంలో ఆ నూనె వంచుకోకు, ముక్క తిను. రూమ్మేట్‌కు కూడా పెట్టు, ఆ అబ్బాయి మరీ సన్నగా ఉన్నాడు.

మృగశిర వస్తోంది. రాంనగర్ నుంచి కొర్రమీను తెప్పిస్తానని నాన్న అంటున్నాడు. ఆ రోజు నీకు వీక్లీ ఆఫ్ ఉందో లేదో ఇప్పుడే చూసి, లేకపోతే ఎవరితోనైనా మార్చుకో. వచ్చేటప్పుడు పోయినసారి తీసుకెళ్లిన స్టీలు డబ్బాలు రెండూ మూతలతో సహా తీసుకురా.

ఇది చదివాక ఇవాళ పొద్దున ఏం తిన్నావో మెసేజ్ పెట్టు. ఫోటో కూడా.

అమ్మ