చందుర్తి యుద్ధ అధ్యయనం: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారములు.

గత సర్వసభ్య సమావేశంలో ఆమోదించిన తీర్మానాన్ని అనుసరించి, మన స్థానిక చరిత్ర అధ్యయన సంఘం ఈ సంవత్సరం తన సమయాన్నీ నిధులనూ ప్రధానంగా ఒకే విషయానికి కేటాయించింది. అది 1758 డిసెంబరులో గొల్లప్రోలు సమీపాన చందుర్తి వద్ద ఫ్రెంచివారికీ, ఇంగ్లీషువారు విజయనగరం రాజుతో కట్టిన కూటమికీ మధ్య జరిగిన యుద్ధం. బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథలు ఇంటింటికీ చేర్చాయి. దాని తరువాత రెండేళ్లు నిండకుండానే జరిగి, కోస్తా జిల్లాలు ఎవరి ఏలుబడిలోకి వెళ్లాలో చాలావరకు తేల్చిన చందుర్తి యుద్ధం మాత్రం పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా మిగిలిపోయింది. ఈ లోటును కొంతైనా పూరించాలన్నదే కార్యవర్గం సంకల్పం.

అధ్యయన గోష్ఠులలో మొదట చర్చకు వచ్చింది పొత్తుల విషయం. 1756లో ఐరోపాలో మొదలైన ఏడేళ్ల యుద్ధంలో ఫ్రాన్సు, ఆస్ట్రియా ఒక పక్షంగా, బ్రిటన్, ప్రష్యా మరొక పక్షంగా తలపడుతుండగా, ఆ వైరం మన తీరానికి వచ్చేసరికి ఇక్కడి పాత తగాదాలతో పెనవేసుకుంది. 1753లో నిజాం సలాబత్ జంగ్, తన కొలువులోని ఫ్రెంచి సేన జీతాల నిమిత్తం ఉత్తర సర్కారులను, అంటే ఈ కోస్తా జిల్లాలను, ఆ సేన నాయకుడు బుస్సీకి అప్పగించాడు. విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు బుస్సీ పక్షాన నిలిచి, 1757 జనవరిలో బొబ్బిలి కోట పతనమైన వెంటనే తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడయ్యాడు. ఆయన తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. పాండిచ్చేరి నుంచి ఫ్రెంచి సేనాపతి లాలీ పంపిన పిలుపుతో 1758లో బుస్సీ దక్షిణానికి తరలివెళ్లగా, ఆనందరాజు ఆ అదను చూసుకుని విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి నుంచి పట్టుకుని, సైన్యం పంపవలసిందిగా ఇంగ్లీషువారిని కోరాడు. లాలీ ముప్పు పొంచి ఉన్నందున మద్రాసులోని ఇంగ్లీషువారు వెనుకాడారు. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ గవర్నరుగా ఉన్న క్లైవు మాత్రం తన సహచరులలో పలువురి అభ్యంతరాలను తోసిపుచ్చి, కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డును ఓడలలో పంపాడు. అక్టోబరులో విశాఖపట్నంలో దిగిన ఆ సేన కశింకోట వద్ద ఆనందరాజు బలగంతో కలిసింది.

ఒప్పందం కుదరడం అంత సులువుగా జరగలేదు. నెలకు 50,000 రూపాయల చొప్పున సైన్యం ఖర్చు రాజు భరించాలనీ, గెలిచిన ప్రాంతాలలో లోతట్టు భూములు రాజుకూ రేవు పట్టణాలు కంపెనీకీ చెందాలనీ షరతులు రాసుకున్నారు. రాజు జమాబందీని (భూమి శిస్తును) చూసుకుంటే కంపెనీ సముద్రాన్ని చూసుకుంది. తరువాతి కాలంలో ఎవరి లెక్క నిలబడిందో మనందరికీ తెలుసు.

చలికాలంలో జరిపిన క్షేత్ర పర్యటన ఈ ఏడాది కార్యక్రమాలలో అత్యంత ఫలవంతమైనది. చేబ్రోలు, గొల్లప్రోలు, చందుర్తి గ్రామాల నడుమ నడుస్తూ, పాత వృత్తాంతాలలోని వర్ణనను నేలతో పోల్చి చూశాము. బుస్సీ స్థానంలో వచ్చిన కాన్‌ఫ్లాన్ చేతిలో సుమారు 500 మంది ఐరోపా సైనికులు, 6,000 మంది సిపాయిలు, దాదాపు 30 ఫిరంగులు ఉన్నాయి. ఫోర్డు వద్ద ఉన్నది సుమారు 470 మంది ఐరోపా వారు, 1,900 మంది సిపాయిలు, 6 ఫిరంగులు. వీరికి తోడు ఆనందరాజు పక్షాన 5,000 మంది కాల్బలం ఉన్నా, వారిలో తుపాకులున్నవారు కొద్దిమందే. ఎక్కువ మంది ఈటెలూ విల్లంబులూ పట్టి వచ్చినవారు.

ఆనాటి గెలుపోటములను నిర్ణయించినది ఒక చేను, ఒక రంగు బట్ట. ఎత్తుగా పెరిగిన పైరు ఫోర్డు ఐరోపా దళాన్ని పూర్తిగా కప్పివేసింది. బెంగాలు నుంచి వచ్చిన సిపాయిలు ఎర్రకోట్లు ధరించి ఉన్నారు. దక్షిణాదిలో ఎర్రకోటు అంటే ఇంగ్లీషు సైనికుడేనని అలవాటుపడిన ఫ్రెంచివారు, ఎదుట కనిపించిన సిపాయిలనే తెల్లదళంగా పొరబడి తమ బలమంతా వారి మీదికి నడిపారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. గెలిచామన్న ఉత్సాహంలో ఫ్రెంచి పటాలం వరుస చెదిరి వెంటబడగా, చేని వెనుక నుంచి అసలు దళం వెలువడి పక్కనుంచి గుళ్లవాన కురిపించింది. ఫ్రెంచివారు ఫిరంగుల వైపు పారిపోయారు. కొద్దిసేపటికే ఆ ఫిరంగులూ, ఆ తరువాత శిబిరమూ ఇంగ్లీషువారి వశమయ్యాయి. కాన్‌ఫ్లాన్ గుర్రమెక్కి రాజమహేంద్రవరం దారి పట్టాడు.

ఇక్కడ గోష్ఠిలో బలంగా వినిపించిన ఒక అభిప్రాయాన్ని నమోదు చేయడం నా బాధ్యత. ఆంగ్ల వృత్తాంతాలు ఆనందరాజు సేనను కేవలం చూస్తూ నిలబడిన గుంపుగా చిత్రించాయి. ఆనాటి కాల్పులలో ఆ సేన పాత్ర స్వల్పమేనని అంగీకరించవలసిందే. కానీ విశాఖపట్నాన్ని ముందుగా పట్టుకున్నదీ, కలకత్తా సేనను రప్పించినదీ ఆ రాజే అయినప్పుడు, ఈ దండయాత్రను ఫోర్డు ఒక్కడి ప్రతిభగా చెప్పడం న్యాయం కాదు. రాజు సొమ్ము చెల్లింపులో చేసిన జాప్యాన్ని కూడా అదే వృత్తాంతాలు దీర్ఘంగా ఎత్తిచూపాయి. యుద్ధఫలం ఎవరికి దక్కిందో చూసిన తరువాత ఆ జాగ్రత్తను లోభమని కొట్టిపారేయలేము.

ఉన్నత పాఠశాలల్లో మన సభ్యులు ఇచ్చిన ఉపన్యాసాలకు మంచి ఆదరణ లభించింది. మనవాళ్లు ఏ పక్షాన పోరాడారన్న ప్రశ్న పిల్లల నుంచి తరచుగా వచ్చింది. రెండు పక్షాలలోనూ అన్నదే సరైన సమాధానం. ఫ్రెంచి జెండా కింద నిలిచిన వేలమంది సిపాయిలూ ఈ దేశపువారే. ఆ రోజు మైదానంలో ఉన్న ఐరోపావారందరినీ కలిపినా వెయ్యికి కాస్త అటూ ఇటూ. మిగిలిన వారెవరి పేర్లూ చరిత్రలో లేవు. ఈ విషయం విన్నప్పుడు పిల్లల కళ్లలో కనిపించిన శ్రద్ధ, ఈ పనిని కొనసాగించాలన్న మా పట్టుదలను రెట్టింపు చేసింది.

గ్రంథాలయానికి కొత్తగా చేరిన పుస్తకాల జాబితా, ఆదాయ వ్యయాల పట్టిక ఈ నివేదికతో జతపరచాము. చందాలు సకాలంలో చెల్లించిన సభ్యులకు కృతజ్ఞతలు.

రాబోయే సంవత్సరానికి బందరు (మచిలీపట్నం) కోట ముట్టడిని అధ్యయనాంశంగా తీసుకోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. చందుర్తి కథ నిజంగా ముగిసింది అక్కడే. 1759 మార్చిలో ఫోర్డు బందరు చేరిన కొద్ది రోజులకే జీతాలందక అతని సైనికులే తిరగబడ్డారు. వెనుక రాజమహేంద్రవరం మళ్లీ ఫ్రెంచివారి చేజిక్కింది. ఒకవైపు నుంచి సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో కదిలి వస్తున్నాడు. అటువంటి స్థితిలో ఏప్రిల్ 7 రాత్రి, ఆనందరాజు సేన కోట ద్వారం వైపు కట్ట మీద సందడి చేస్తుండగా, ఒక దళం నైరుతి దిక్కున బురద నేలలో దిగి దొంగదాడి చేయగా, ఈశాన్య బురుజు వద్ద ఫోర్డు అసలు దాడి నడిపి కోటను గెలుచుకున్నాడు. మే 14న సలాబత్ జంగ్ సంధికి వచ్చి, మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతాలను ఇంగ్లీషువారికి ఇచ్చి, ఫ్రెంచివారిని ఇక దరిజేరనివ్వనని మాట ఇచ్చాడు. 1766 నాటి సంధితో, గుంటూరు మినహా, ఉత్తర సర్కారులు కంపెనీ పరమయ్యాయి.

ఈ అధ్యయనం కోసం కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన గ్రామ కైఫియత్తులలో (గ్రామ వృత్తాంతాలలో) పిఠాపురం, పెద్దాపురం సీమలకు చెందినవాటిని ముందుగా చదివి ఎత్తిరాయవలసి ఉంది. పాత రాతప్రతులు చదవగలిగిన సభ్యులు తమ పేర్లను కార్యదర్శికి తెలియజేయవలసిందిగా మనవి. చందుర్తి పరిసర గ్రామాల సభ్యులు తమ ఇళ్లలోని పాత దస్తావేజులను గానీ, పొలాల పాత పేర్లను గానీ, పెద్దల నోట విన్న కథలను గానీ రాసి పంపితే, వాటిని విడి సంచికగా భద్రపరుస్తాము.

ఇట్లు,
కార్యవర్గం తరఫున కార్యదర్శి